పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) రాతపరీక్షకి ఇక్కడే ఎంత చదివి వెళ్లాలి?

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఇంటర్ ఎంపీసీ అయింది, ఎం-1 వీసా వచ్చింది. ఇంకో పది వారాల్లో అరిజోనాలో ట్రైనింగ్ మొదలు. నాన్న పొలం మీద లోన్ తీసి పంపిస్తున్నారు, అక్కడ ఒక్క రోజు కూడా వృథా కాకూడదు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ప్రైవేట్ పైలట్ రాతపరీక్ష కోసం యాప్‌లో రోజుకి వంద ప్రశ్నలు చేస్తున్నాను, 85 దాకా కరెక్ట్ వస్తున్నాయి. ఇది సరిపోతుందా, లేక ఎఫ్ఏఏ వాళ్ల ఆ లావు పైలట్ హ్యాండ్‌బుక్ మొత్తం చదవాలా?

గాలిపటం:
బ్రో, 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. రిజల్ట్ 24 నెలలు చెల్లుతుంది. 85 వస్తున్నాయంటే ఢోకా లేదు. వెళ్లగానే రాసెయ్.

భీమవరం_అక్క:
తమ్ముడూ, పాసవుతావు, అందులో అనుమానం లేదు. నేనూ అలాగే పాసయ్యాను. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో కూడా విను.

2019లో నేనూ అరిజోనాకే వెళ్లాను. రెండు నెలలు ప్రశ్నలే బట్టీ పట్టాను. 73 వచ్చింది, అంటే పదహారు తప్పులు. రిజల్ట్ కాగితం కింద వరసగా కోడ్‌లున్నాయి, ఏ టాపిక్‌లో తప్పు చేశామో చెప్పేవి. నేను వాటి వంక చూడలేదు, ఇంటికి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను. ఆ టాపిక్‌లన్నీ ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ చెప్పి సంతకం పెడితేనే చెక్‌రైడ్‌కి, అంటే ఎగ్జామినర్ పెట్టే ఓరల్, ఫ్లయింగ్ పరీక్షకి, వెళ్లగలం. అలా చెప్పే ప్రతి గంటకీ డాలర్లలో బిల్లు పడుతుంది. ఎగ్జామినర్ కూడా ఓరల్‌లో అవే తవ్వుతారు.

నన్ను అడిగింది చిన్న ప్రశ్న. ఇవాళ 38 డిగ్రీలు, ఈ సెస్నా 172 విమానం నేల విడవడానికి ఎంత రన్‌వే కావాలి, పొద్దున కంటే ఎందుకు ఎక్కువ కావాలి? డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు లెక్క) డెఫినిషన్ గడగడా చెప్పాను. ఎందుకో చెప్పలేకపోయాను, చార్టులో వేలు ఏ గడి మీద పెట్టాలో తెలియలేదు. ఆ రోజు విమానం ఎక్కకుండానే ఫెయిల్ కాగితం పట్టుకుని బయటికొచ్చాను.

అందుకే ఇప్పుడే ఓ లెక్క చెయ్యి. శంషాబాద్ ఎత్తు సుమారు 2,000 అడుగులు. స్టాండర్డ్ వాతావరణం ప్రకారం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, వెయ్యి అడుగులకి 2 చొప్పున తగ్గితే అక్కడ 11 ఉండాలి. మే నెల మధ్యాహ్నం 40 ఉంది, అంటే 29 ఎక్కువ. డిగ్రీకి దాదాపు 120 అడుగులు వేసుకుంటే 3,480. పీడనం స్టాండర్డ్‌గానే ఉందనుకుని ఆ 2,000 కలిపితే, నేల మీద నిలబడ్డ విమానం దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. గాలి పల్చబడితే ఇంజన్, ప్రొపెల్లర్, రెక్క మూడూ నీరసిస్తాయి. ఇది ఒక్కసారి నీ చేత్తో వేస్తే ఆ చాప్టర్ ఇంక మర్చిపోవు.

హ్యాండ్‌బుక్ ఎఫ్ఏఏ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. మొత్తం వరసగా చదవొద్దు. ఏరోడైనమిక్స్, ఇన్‌స్ట్రుమెంట్స్, వెయిట్ అండ్ బ్యాలెన్స్, పెర్ఫార్మెన్స్, వాతావరణం, ఎయిర్‌స్పేస్ మాత్రం వదలకు. యాప్‌లో తప్పుపోయిన ప్రతి ప్రశ్నకీ పుస్తకంలో ఆ పేజీ తీసి చూడు. సెక్షనల్ చార్టులో (పైలట్లు వాడే మ్యాపు) నీ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉన్న గీతలు ఒక్కోటీ ఏంటో తెలుసుకో. మ్యాగ్నెటిక్ వేరియేషన్ (అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ తేడా) మన దగ్గర దాదాపు ఉండదు కాబట్టి మనకి అలవాటు లేదు. అరిజోనాలో తూర్పుకి సుమారు పది డిగ్రీలుంటుంది, వెళ్లే దిశ (కోర్సు) లెక్కలో దాన్ని తీసెయ్యాలి.

రోజూ పొద్దున్నే శంషాబాద్ మెటార్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్ట్) తీసి నోటితో చదువు. మన దగ్గర పీడనం హెక్టోపాస్కల్స్‌లో, విజిబిలిటీ మీటర్లలో ఇస్తారు. అక్కడ అంగుళాలు, మైళ్లు. 1013.25 అంటే 29.92 అని తడుముకోకుండా రావాలి.

రన్‌వే_09:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతాను. తిరిగొచ్చి ఇక్కడ సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తీసుకోవాలంటే డీజీసీఏ (మన విమానయాన సంస్థ) పరీక్షలు ఎలాగూ తప్పవు, వాటికీ 70 శాతమే. ఆ పరీక్షలు రాయడానికి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్‌కి అప్లై చేశావా? క్లాస్ 1 మెడికల్ అయిందా? అవకపోతే ఫీజు కట్టే ముందు అది చూసుకో. పొలం మీద అప్పు అంటున్నావు కాబట్టి చెబుతున్నాను.

ఖమ్మం_కుర్రాడు:
మెడికల్ అయింది అన్నా, కంప్యూటర్ నంబర్ కూడా వచ్చింది. అక్కా, లెక్క చేత్తో వేశాను, 5,480 వచ్చింది. ఇవాళ్టి మెటార్ కూడా చదివాను. గాలి 090, 4 నాట్లు, విజిబిలిటీ 3,000 మీటర్లు, మసక. ఆ 090 ట్రూనా (అసలు ఉత్తరం నుంచి), మ్యాగ్నెటిక్‌నా (దిక్సూచి ఉత్తరం నుంచి)?

భీమవరం_అక్క:
మంచి ప్రశ్న, ఇది పరీక్షలోనూ వస్తుంది. మెటార్‌లో రాసి ఉండేది ట్రూ. టవర్ రేడియోలో చెప్పేది మ్యాగ్నెటిక్, రన్‌వే నంబర్ కూడా మ్యాగ్నెటిక్కే. శంషాబాద్‌లో రెంటికీ తేడా తెలియదు. నువ్వెళ్లే చోట మెటార్‌లో 090 అని ఉంటే టవర్ 080 అంటుంది. క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) లెక్క వేసేటప్పుడు ముందు రెండూ ఒకే దాంట్లోకి మార్చుకో. రేపటి మెటార్ కూడా చదివి ఇక్కడ పెట్టు, చూస్తాను.