పాత కథ చదవకుండా కొత్త కథ చేతికివ్వొచ్చా?

అట్టముక్క: సైన్స్ ఫిక్షన్ జోలికి పోని స్నేహితురాలు "ఈమధ్య వచ్చిన కథ ఒక్కటి చెప్పు, చిన్నదైతే చదువుతా" అంది. ఇసబెల్ జె. కిమ్ రాసిన 'వై డోంట్ వీ జస్ట్ కిల్ ద కిడ్ ఇన్ ది ఓమెలాస్ హోల్' లింకు పంపాను. 2024 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ పత్రికలో వచ్చింది, ఆ ఏటి నెబ్యులా బహుమతి కూడా దానిదే. రెండు రోజులకు జవాబొచ్చింది: "ఎవరీ పిల్లాడు? ఆ గోతిలో ఎందుకున్నాడు?" తప్పు నాదా, కథదా?

హస్తభూషణం: మీదేనండీ, సందేహం లేదు. ఉర్సులా లె గ్విన్ 1973లో రాసిన ఓమెలాస్ కథకు అది జవాబు. ఓమెలాస్ అనే ఊరంతా సుఖంగా ఉండాలంటే ఒక పిల్లాణ్ణి నేలమాళిగలో మగ్గబెట్టాలి. సంగతి తెలిశాక కొందరు ఊరొదిలి వెళ్లిపోతారు. ఇది తెలియకుండా కిమ్ కథ చదవడమంటే ఫోన్‌లో ఒకవైపు మాటలే వినడం. పాతది చదవడం పావుగంట పని, అదే ముందు పంపాల్సింది.

రాత్రిబండి: ఒప్పుకోను. నేను కిమ్‌నే ముందు చదివాను. మొదట్లోనే పిల్లాణ్ణి చంపేస్తారు, ఊళ్లో దీపాలు ఆరిపోతాయి. ఊరివాళ్లు ఇంకో పిల్లాణ్ణి తెచ్చి పెడతారు, వాణ్ణీ చంపేస్తారు. ఇంత సూటిగా చెప్పే కథకు ముందు పాఠం దేనికి? ఆ వెటకారం పట్టుకోవడానికి రోజూ వార్తలు చూసే మనిషైతే చాలు. పాత కథలన్నీ చదివొచ్చాకే లోపలికి రానిస్తామంటే కొత్తవాళ్లు గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోతారు.

మూడోకన్ను: అసలు మొదటి కథగా అదెందుకు? ఆర్.ఎస్.ఎ. గార్సియా రాసిన 'ట్యాంటీ మెర్ల్ అండ్ ద ఫార్మ్‌హ్యాండ్ 4200' ఇవ్వండి. ఓ పెద్దావిడ, పనికి వచ్చిన రోబో, దేన్నీ వదలని మేక. అన్‌క్యానీ పత్రికలో వచ్చింది, 2023 నెబ్యులా. ఏ ముందుమాటా అక్కర్లేదు.

హస్తభూషణం: మేక బాగుంది కానీ కథంతా కరీబియన్ యాసలో నడుస్తుంది. నాకే మొదటి పేజీ రెండుసార్లు పట్టింది. దానికన్నా నేయోమీ క్రిట్జర్ 'బెటర్ లివింగ్ త్రూ ఆల్గరిథమ్స్' నయం (2024 హ్యూగో బహుమతి). జనానికి మంచి అలవాట్లు నేర్పే యాప్ కథ. ఫోన్ ఉన్నవాళ్లెవరికైనా ఎక్కుతుంది.

రాత్రిబండి: అంటే పాతది చదవక్కర్లేని కథే ఇవ్వమని మీరూ ఒప్పుకున్నట్టే!

హస్తభూషణం: మొదటిసారికి మాత్రమే.

అట్టముక్క: ఈలోగా లె గ్విన్ కథ పంపేశాను. రాత్రే మెసేజ్ వచ్చింది, బాగా కోపంగా: "వెళ్లిపోయినవాళ్లు ఏం సాధించారని? పిల్లాడు అక్కడే ఉన్నాడుగా." కిమ్ కథ మళ్లీ తెరవమన్నాను.