ఆఫీసులో ఉద్యోగుల ఆరోగ్యం మీద నోట్ పెట్టమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మహారాణిపేట సీనియర్ అసిస్టెంట్

అందరికీ నమస్కారం. విశాఖ మహారాణిపేటలో ఒక జిల్లా ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్న మా ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు పిలిచి, "స్టాఫ్ ఆరోగ్యం కోసం ఏదైనా ప్రోగ్రాం పెడదాం, ఒక నోట్ పుటప్ చెయ్యమ్మా" అన్నారు. ఎందుకో అందరికీ తెలుసు. వేసవిలో మా రికార్డు అసిస్టెంట్ సీట్లోనే కళ్లు తిరిగి పడిపోయారు. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్తే బీపీ బాగా ఎక్కువుందన్నారు. తనకు బీపీ ఉందని అప్పటిదాకా ఆయనకే తెలీదు.

అటెండర్లు, డ్రైవర్లు, అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్లతో కలిపి అరవై మంది దాకా ఉంటాం. సగం మంది ఆడవాళ్లమే. బడ్జెట్ అంటూ ఏమీ లేదు, కంటింజెన్సీలో (ఆఫీసు చిల్లర ఖర్చుల పద్దులో) మిగిలిందే. జీతంలో ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కోత ప్రతినెలా పడుతోంది కానీ అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక పనికొచ్చేది. అంతదాకా రాకుండా చూడాలన్నది ఏఓ గారి ఆలోచన.

యోగా గురించి ముందే చెప్పేస్తాను. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధాని వచ్చినప్పుడు ఆర్కే బీచ్ రోడ్డు మీద కూర్చున్న లక్షల మందిలో మేమూ ఉన్నాం. అంతకు ముందు నెలంతా యోగాంధ్ర పేరుతో ప్రాక్టీసు కూడా బాగానే చేశాం. ఆ తర్వాత మ్యాట్లు చుట్టి బీరువా మీద పెట్టారు, ఇంకా అక్కడే ఉన్నాయి. మళ్లీ యోగా అంటే మావాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. నాలుగు రోజుల ముచ్చట కాకుండా నిలబడేది ఏదైనా చెప్పండి. మీ ఆఫీసుల్లో ఏం చేశారు?

జవాబు: మర్రిపాలెం రిటైర్డ్ సూపరింటెండెంట్

అమ్మా, నేను సర్వీసంతా ఈ జిల్లాలోనే చేసి దిగిపోయినవాణ్ణి. ఇలాంటి ప్రోగ్రాములు పుట్టడం చూశాను, పోవడమూ చూశాను. నోట్‌లో ఏం రాయాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక సంగతి తేల్చుకో. ఎవరికి ఎంత బీపీ ఉందన్న కాగితం ఎవరి దగ్గరుంటుంది?

ఎందుకంటున్నానో చెప్తాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఉచిత క్యాంపు పెట్టారు. అందరూ క్యూలో నిలబడి షుగరు, బీపీ చూపించుకున్నారు. సాయంత్రానికి ఆ అంకెలన్నీ పేర్లతో సహా చక్కగా టైపు చేయించి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ద్వారా ఆఫీసరు టేబుల్ మీద పెట్టారు. ఆఫీసరు మంచివాడే, చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ బదిలీల సీజన్ రాగానే ఒక ఫీల్డు పోస్టు దగ్గర "ఈయనకు షుగరు కదా, తిరగలేడు" అనే మాట వచ్చింది. ఆయన ఆ పోస్టు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. మరుసటి ఏడు క్యాంపు పెడితే ఫొటోకి సరిపడా మంది కూడా రాలేదు. పైగా ఆ ఆసుపత్రి నుంచి అందరికీ ఫోన్లు, "మీకు గుండె పరీక్ష చేయించుకోవాల్సి ఉంది" అని.

మన ఆఫీసుల్లో సీటు ఇచ్చేది, బదిలీ ఫైలు కదిపేది, లీవు చూసేది ఒకే సెక్షన్. ఆరోగ్యం కాగితం కూడా అదే సెక్షన్ చేతికి వెళ్తుందంటే ఎవడు చెయ్యి చాపుతాడమ్మా, బీపీ పట్టీ కట్టించుకోడానికి? కాబట్టి నోట్‌లో మొదటి పేరా ఇదే పెట్టు: ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉంటుంది, ఆఫీసులో పేర్లతో జాబితా తయారు చేయరు. ఏఓ గారికి లెక్క కావాలంటే "ఇంతమంది చూపించుకున్నారు" అన్న సంఖ్య ఒక్కటి ఇవ్వండి, చాలు. మిగతా నోట్ ఎలా రాసినా పర్వాలేదు.

ఇంక పని సంగతి. 2022లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు. ఏ సెక్షన్‌లో చూసినా యాభై దాటినవాళ్లు బాగానే ఉంటారు. కాబట్టి బీపీ, షుగరుతోనే మొదలుపెట్టు. మంచి డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొనండి, కంటింజెన్సీలో వచ్చేస్తుంది. కానీ దాన్ని ఆఫీసరు ఛాంబర్ బయటో, హాలు మధ్యలోనో పెట్టొద్దు. భోజనాల గదిలో ఒక మూల కుర్చీ, బల్ల వేసి పెట్టండి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి చూసుకుంటే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. టీ తాగి అరగంటైనా గడవాలి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు, మనవాళ్లకు అదే కష్టం. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

తర్వాత బాత్రూములు. ఇది చదివి నవ్వొచ్చు. మా సెక్షన్‌లో ఆడపిల్లలు ఉదయం ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు సాయంత్రం దాకా నీళ్లు తాగేవారు కాదు. విశాఖ ఉక్కపోతలో! ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. చివరికి ఒక పెద్దావిడ చెప్పారు, "లెట్రిన్ గడియ పడదు బాబూ, నీళ్లు తాగి ఎక్కడికి పోతాం" అని. గడియ వేయించి, బల్బు పెట్టించి, రోజూ కడిగే ఏర్పాటు చేస్తే సీసాలు వాటంతటవే ఖాళీ అయ్యాయి. ఆరోగ్య కార్యక్రమం అంటే నా లెక్కలో ఆ గడియే ముందు.

కుర్చీలు కూడా చూడు. ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక రోజంతా తెర ముందే, కానీ బల్లలు ఇంకా ఫైళ్ల కాలం నాటివే. మెడ వంచీ వంచీ నొప్పులు. కొత్త ఫర్నిచర్ అడిగితే ఫైలు తిరిగొచ్చేసరికి నువ్వూ రిటైరవుతావు. గడువు దాటిన పాత స్టాక్ రిజిస్టర్లు రెండు మానిటర్ కింద పెట్టండి, తెర పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా. వాటికీ ఒక ఉద్యోగం దొరుకుతుంది.

టీ గురించి ఒక్క మాట. పదకొండింటికి, నాలుగింటికి అటెండర్ తెచ్చే టీలో చక్కెర ఎవడూ అడగడు, పోసేస్తాడు. చక్కెర లేని ఫ్లాస్కు వేరేగా తెప్పించండి. వేసవిలో చోడి (రాగి) అంబలి, మజ్జిగ తెప్పిస్తే మరీ మంచిది. సాయంత్రం పునుగులు మానమని మాత్రం సర్క్యులర్ ఇవ్వొద్దు, నీమీద పగ పడతారు.

జవాబు: బీచ్ రోడ్ వాకర్

పెద్దాయన చెప్పింది బాగుంది కానీ వ్యాయామం ఊసే లేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, అంత మంచి నడకదారి ఏ ఊళ్లో ఉంది? స్టాఫ్ అంతా కలిసి వారానికి ఒక రోజైనా నడవండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మా ఆఫీసులో గ్రూప్ పెట్టి రోజూ ఫొటోలు పెడతాం.

జవాబు: మర్రిపాలెం రిటైర్డ్ సూపరింటెండెంట్

వాకర్ గారూ, మీరు సిరిపురంలోనో పెదవాల్తేరులోనో ఉండి ఉంటారు. ఈ అమ్మాయి ఆఫీసులో పెందుర్తి నుంచి, ఆనందపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు ఇంట్లో క్యారేజీలు కట్టుకునే వేళకు మీరు బీచ్‌లో ఫొటో పెడితే వాళ్లకు ఒంట్లో బాగుపడదు, మండుతుంది. నడక ఆఫీసు వేళల్లోనే, భోజనం తర్వాత కారిడార్‌లో పది నిమిషాలైనా కుదరాలి. యోగా కావాలనుకునేవాళ్లకు ఆయుష్ శాఖ వాళ్ల వై-బ్రేక్ ఉంది. అయిదు నిమిషాల పని, పనిమధ్యలో చేసుకోడానికే తయారుచేశారు, మ్యాటూ అక్కర్లేదు. ఇష్టమైనవాళ్లు చేస్తారు, హాజరు మాత్రం తీసుకోవద్దు.

జవాబు: అర్బన్ పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు

మేడం, ప్రైవేటు క్యాంపు కోసం ఎదురుచూడకండి. మీ ఆఫీసు ఏ అర్బన్ పీహెచ్‌సీ (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పరిధిలోకి వస్తుందో కనుక్కుని మెడికల్ ఆఫీసర్ గారికి ఒక లెటర్ పెట్టండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చెయ్యడం మా రోజువారీ పనుల్లో ఒకటి. ఇళ్లకు వెళ్తే ఉద్యోగులు దొరకరు, మేం వెళ్లేసరికి ఆఫీసుకు పోయి ఉంటారు. మీరే పిలిస్తే మాకూ సులువు.

కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోండి. సోమవారం వద్దు, మీకు గ్రీవెన్సు (ప్రజల అర్జీలు తీసుకునే) రద్దీ ఉంటుంది, ఎవరూ లేచి రారు. షుగర్‌కి పరగడుపున రానక్కర్లేదు, ముందు వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తాం. 140 దాటితే మళ్లీ సరైన పరీక్షకు పంపిస్తాం, అంతమాత్రాన షుగర్ వచ్చేసినట్టు కాదు. బీపీ కూడా అంతే, ఒకసారి 140/90 దాటిందని మందులు రాసెయ్యరు, వేరే రోజు మళ్లీ చూస్తారు. నడుము కొలత తప్పకుండా తీయించుకోండి, దానికి దర్జీ టేపు చాలు. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. సన్నగా కనిపించి పొట్ట మాత్రం ఉన్నవాళ్లు ఆఫీసుల్లో చాలా మంది.

నోరు చూడటానికి నిమిషం పట్టదు. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగడం పల్లెల్లో ముసలమ్మల అలవాటని మీరు అనుకుంటారు, కానీ డ్రైవర్లు, అటెండర్ల బుగ్గల్లో ఖైనీ, గుట్కా మచ్చలు మేం చూస్తూనే ఉంటాం. ఆడవాళ్ల పరీక్షలు మాత్రం ఆఫీసులో పెట్టొద్దు. తలుపు లేని గదిలో స్క్రీన్ అడ్డం పెట్టి చేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఇద్దరు ముగ్గురు చొప్పున మా సెంటర్‌కి రావడానికి పర్మిషన్ ఇప్పించండి. దీన్ని నోట్‌లో విడిగా రాయండి, లేకపోతే ఆ గంటను సగం రోజు లీవు కింద వేసేస్తారు.

ఇంకొకటి, మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వ ఫోన్ సహాయం టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఏ వేళలో చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆఫీసు నోటీసు బోర్డు మీద కాదు, బాత్రూము తలుపు లోపలివైపు అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా నంబరు రాసుకుంటారు.

జవాబు: డేటా ఎంట్రీ ఆపరేటర్

అందరికీ నమస్తే అండి. నేను అవుట్‌సోర్సింగ్. ఎక్కడ హెల్త్ క్యాంపు పెట్టినా కాగితం మీద "ఉద్యోగులు" అని ఉంటుంది, అందులో మేం ఉన్నామో లేమో మాకే తెలీదు. పోతే ఎవరైనా ఏమైనా అంటారేమో అని పోం. మాకు ఈహెచ్ఎస్ లేదు. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంటుంది, కానీ మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లిరావాలంటే ఒక రోజు పోతుంది, ఆ రోజు జీతం కూడా పోతుందేమోనని భయం. దయచేసి నోట్‌లో "అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు సిబ్బందితో సహా" అని పేరు పెట్టి రాయండి మేడం.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. మాకు బీపీ తెప్పించేది కుర్చీ కాదు, వాట్సాప్. రాత్రి పదింటికి గ్రూపులో "రేపు ఉదయం పదికల్లా డేటా కావాలి" అని మెసేజ్ వస్తుంది. చూడకపోతే టెన్షన్, చూస్తే నిద్ర ఉండదు. దానికి ఏదైనా మందు ఉందా?

మహారాణిపేట సీనియర్ అసిస్టెంట్

అందరికీ చాలా థాంక్స్. గడియ సంగతి చదివి మా లేడీస్ అందరికీ ఫార్వర్డ్ చేశాను, ఒక్కరు కూడా నవ్వలేదు. నర్సు మేడం చెప్పినట్టు పీహెచ్‌సీకి లెటర్ డ్రాఫ్ట్ చేస్తున్నాను. పేర్లతో జాబితా ఉండదన్న పేరా ఏఓ గారికి చూపిస్తే కాసేపు ఆలోచించి సరేనన్నారు.

కానీ వాట్సాప్ గురించి అడిగితే చేతులెత్తేశారు. "పైనుంచి అడిగితే నేనేం చెయ్యనమ్మా, నాకూ రాత్రే వస్తుంది మెసేజ్" అన్నారు. అదీ నిజమే. దాన్ని నోట్‌లో పెట్టాలా, వదిలేయాలా?

జవాబు: మర్రిపాలెం రిటైర్డ్ సూపరింటెండెంట్

పెట్టు, కానీ "రాత్రి మెసేజులు ఆపాలి" అని పెట్టకు. ఆ మాట రాస్తే నోట్ మొత్తం పక్కకు పోతుంది. పైవాళ్లను నువ్వు ఆపలేవు, ఏఓ గారూ ఆపలేరు. కానీ ఒక్క మెసేజ్‌కి అరవై మంది లేవడం అవసరమా? సెక్షన్‌కి ఒకరు చొప్పున వారం వారం వంతు వేయండి. ఆ వారం వాళ్లు మాత్రమే రాత్రి గ్రూపు చూస్తారు, నిజంగా అర్జెంటయితే సంబంధించినవాళ్లకు ఫోన్ చేస్తారు. మిగతావాళ్లు గ్రూపు మ్యూట్ చేసి పడుకోవచ్చని ఆఫీసు ఆర్డరులోనే ఉండాలి. నోటిమాటగా చెప్తే ఎవరూ నమ్మరు. రాత్రి కూర్చుని డేటా కొట్టినవాళ్లు మర్నాడు గంట ఆలస్యంగా వచ్చినా ముఖం అటెండెన్సు యాప్‌లో ఇబ్బంది రాకుండా ఏఓ గారు పర్మిషన్ ఇవ్వాలి. ఆపరేటర్ బాబు వంతు వచ్చినప్పుడు అతనికీ ఇదే వర్తించాలి.

సోమవారం గ్రీవెన్సుకు కూడా ఇలాగే వంతులు వెయ్యండి. అర్జీదారులు ఎంత దూరం నుంచో వస్తారు, కోపంగా ఉంటారు, వాళ్లను అనలేం. పొద్దుటి నుంచి ఒకే మనిషి అన్ని తిట్లూ తినకుండా రెండు గంటలకోసారి కౌంటర్ మనిషిని మార్చండి, మధ్యలో భోజనానికి కచ్చితంగా పంపండి.

నోట్ రెండు పేజీలు దాటనివ్వకు. "వెల్‌నెస్" అన్న మాట వాడకు, దానికో కమిటీ వేసేస్తారు. సబ్జెక్టు దగ్గర "సిబ్బంది వైద్య పరీక్షలు, కనీస వసతులు" అని రాయి. వసతులు అంటే కంటింజెన్సీలోంచి ఖర్చు పెట్టుకోడానికి దారి ఉంటుంది. గడియకు ఎస్టిమేటు మీ అటెండర్‌తో ఇవాళే వేయించు, దానికి నోట్ దాకా ఆగక్కర్లేదు.