భోజనం, బస విలువను జీతంలో కలిపి చూపవచ్చా?

ప్రశ్న (బెజవాడ మేనమామ):
మా అక్క కొడుకు విజయవాడలో ఒక హోటల్లో సర్వర్‌గా చేరి ఎనిమిది నెలలయింది. చేతికి నెలకు 9,000 రూపాయలు వస్తున్నాయి. ఇంత తక్కువేమిటని అడిగితే యజమాని నోటుపుస్తకం తెరిచి, ‘రొక్కం 9,000, భోజనం 3,500, గది 1,500, మొత్తం 14,000’ అని రాసి ఉన్న పేజీ చూపించారట. ఆ గది వంటశాల మీద వేసిన రేకుల షెడ్డు, ఆరుగురు పడుకుంటారు. భోజనమంటే రాత్రి పదకొండు దాటాక మిగిలిన అన్నం, సాంబారు. ఈ లెక్క చట్టానికి సమ్మతమేనా?

జవాబు (పద్దుల గుమాస్తా):
ఆ పేజీలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఒకటి వేతనంగా లెక్కించడం, రెండవది వేతనంలోంచి కోత కోయడం. 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వేతనాల కోడ్ ప్రకారం, ఇంటి వసతి విలువ వేతన నిర్వచనంలోకి రాదు. 1948 కనీస వేతనాల చట్టం కూడా దాన్ని బయటే ఉంచింది. కాబట్టి ఆ 1,500 జీతం కాదు.

వేతనానికి బదులుగా వస్తురూపంలో ఇచ్చేదానికి మాత్రం కోడ్ ఒక హద్దు పెట్టింది: చెల్లించవలసిన మొత్తం వేతనంలో 15 శాతం మించని విలువే వేతనంలో భాగమవుతుంది. జీతం 14,000 అని ఒప్పుకున్నారనుకుంటే భోజనం కింద 2,100 వరకే చెల్లుతుంది. అంటే రొక్కం 11,900 ఉండాలి.

జవాబు (మెస్ నడిపేవాడిని):
యజమానిగా ఒక మాట చెబుతాను. గ్యాసు, బియ్యం ఖర్చులు చూస్తే 3,500 అన్యాయమైన అంకె కాదు. అయితే ఖర్చు ఎంతయినా చట్టం ఒప్పుకునే వాటా అంతే. గది అద్దెను మాత్రం కోతగా తీసుకోవచ్చు. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. మిగులు సాంబారుకు కూడా పూర్తి భోజనం ధర కట్టడం మాత్రం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

ప్రశ్న (బెజవాడ మేనమామ):
అయితే గది అద్దె 1,500 కోసుకున్నా చేతికి 10,400 రావాలి కదా? పీఎఫ్ సంగతేమిటి? హోటల్లో ముప్పై మంది పనిచేస్తున్నారు.

జవాబు (పద్దుల గుమాస్తా):
అవును, 10,400 రావాలి; నెలకు 1,400 తేడా ఉంది. ఆ 14,000 ఆ పనికి ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనం కంటే తక్కువైతే తేడా ఇంకా పెరుగుతుంది, కాబట్టి ముందు దాన్ని చూసుకోండి.

పీఎఫ్ విషయంలో 1952 చట్టం చమత్కారంగా ఉండేది. మూల వేతన నిర్వచనంలో భోజన రాయితీ నగదు విలువను తీసివేసి, చందాలు లెక్కించే 6వ సెక్షన్‌లో మళ్ళీ చేర్చింది. ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది. భోజనాన్ని జీతమని చెప్పుకున్న యజమాని పీఎఫ్ కట్టేటప్పుడు రొక్కాన్నే చూపించి ఉంటే, ఆ నోటుపుస్తకం పేజీయే ఆయనకు ఎదురు సాక్ష్యం అవుతుంది. దాన్ని ఫొటో తీసి ఉంచమనండి. వేతన స్లిప్పు ఇవ్వడం కోడ్ ప్రకారం యజమాని విధి; దాన్ని రాతపూర్వకంగా అడగమనండి, ఏ కోత ఎందుకు కోశారో అందులోనే బయటపడుతుంది.