కరపత్రం మీద క్యూఆర్ కోడ్ వేస్తే గిరాకీ పెరుగుతుందా?

ప్రశ్న: కొత్తపేట పచ్చళ్ల దుకాణం

నమస్కారం. కొత్తపేటలో మాకు పచ్చళ్లు, పొడుల దుకాణం ఉంది. ఆవకాయ రోజులకు ముందు 5000 కరపత్రాలు వేయించి, దినపత్రికల్లో పెట్టించి సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లకు పంచాము. అడుగున కుడి మూలలో మా వెబ్‌సైట్‌కు వెళ్లే క్యూఆర్ కోడ్ ఉంది. నెల దాటింది, కరపత్రం చూసి వచ్చామన్నవారంతా అందులోని ఫోన్ నంబరుకు చేసినవారే తప్ప, కోడ్ సంగతి ఎత్తినవారు ఒక్కరూ లేరు. ఇప్పుడు సీసాల లేబుళ్లు కొత్తగా వేయించాలి, జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టాలనీ ఉంది. కోడ్ కోసం స్థలం వదలడం దండగేనా? కరపత్రం ఫొటో జతచేశాను.

జవాబు 1: చిక్కడపల్లి ప్రింటింగ్ ప్రెస్

ఫొటో చూశానండీ. మిరపపండు ఎరుపు మీద తెల్ల గళ్లతో, సెంటీమీటరు కూడా లేని కోడ్ వేశారు. లేత రంగు మీద ముదురు గళ్లు ఉంటేనే అన్ని ఫోన్లూ నమ్మకంగా చదువుతాయి. రంగులు తారుమారు చేస్తే కొన్ని చదవవు. పైగా చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున ఖాళీ వదలాలి, మీవాళ్లు అక్కడిదాకా మామిడికాయ బొమ్మ తెచ్చి ఆనించారు. పరిమాణానికి మేము పాటించే లెక్క ఒకటుంది: చూసే దూరంలో పదోవంతు. పదడుగుల దూరం నుంచి చూసే స్టాల్ బ్యానర్ మీద కోడ్ అడుగు వెడల్పుండాలి.

లేబుల్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పచ్చడి సీసాకు నూనె అంటక మానదు. కోడ్ తయారుచేసేటప్పుడే దిద్దుబాటు స్థాయిని, అంటే కొంత చెరిగినా చదవగలిగే శక్తిని, ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా తక్కువ స్థాయిలో సుమారు 7 శాతం, ఎక్కువ స్థాయిలో సుమారు 30 శాతం చెరిగినా ఫోన్ చదవగలదు. అయితే స్థాయి పెరిగినా, లింకు పొడుగైనా గళ్లు పెరిగి కోడ్ చిక్కబడుతుంది కాబట్టి లింకు పొట్టిగా ఉండాలి. గుండ్రటి సీసా మీద కోడ్ వంగిపోతుంది. నన్నడిగితే మూత మీద వేయించండి.

జవాబు 2: మాదాపూర్, ప్రకటనల పని

కోడ్ సంగతి ఎవరూ ఎత్తలేదన్నారు. దాని ద్వారా ఎందరు వచ్చారో అలా తెలియదు, ఎందుకంటే కోడ్ తనంతట తాను ఏమీ లెక్కపెట్టదు. కరపత్రానికి ఒక లింకు, మూతకు ఒకటి, స్టాల్‌కు ఒకటి విడివిడిగా పెడితే దేని నుంచి ఎందరు వచ్చారో మీ సైటు లెక్కల్లో కనిపిస్తుంది. తర్వాత గమ్యం మార్చుకోగలిగే డైనమిక్ కోడ్‌లు కొన్ని సంస్థలు చందా మీద ఇస్తాయి. చందా ఆగితే కోడ్ కూడా ఆగిపోయే ప్రమాదముంది, అప్పటికి మీ సీసాలు జనం వంటింట్లో ఉంటాయి. మా క్లయింటు ఒకరికి ఇలాగే లేబుళ్లన్నీ వృథా అయ్యాయి. మీ సొంత డొమైన్‌లోనే (మీ వెబ్‌సైట్ చిరునామాలోనే) చిన్న పేజీ పెట్టుకుని, అక్కడి నుంచి కావలసిన చోటికి మళ్లించుకోవడం మేలు.

జవాబు 3: నల్లకుంట గృహిణి

కొనేవారి వైపు నుంచి ఒక మాట. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థ ఈ కోడ్‌ను కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసిందంటారు గానీ, 2016లో యూపీఐ వచ్చాక మన ఊళ్లో ఆ చదరం కనిపిస్తే డబ్బు కట్టమనే అర్థం. మా వీధి కిరాణా కొట్టులో చెల్లింపు కోడ్ పక్కనే ఆఫర్ల కోడ్ అంటించారు; నేను రెండోదాన్ని స్కాన్ చేసి, మొత్తం ఎక్కడ కొట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాను. మోసాల వార్తలు చదివి తెలియని కోడ్ ముట్టుకోనివారూ ఉన్నారు. మీ కరపత్రంలో కోడ్ కింద "స్కాన్ చేయండి" అని మాత్రమే ఉంది. ఎందుకు చేయాలండీ? ఆ సీసా పచ్చడి ఏ రోజు కలిపారో, నూనె ఏమిటో, ఉప్పెంతో చూపిస్తామంటే నేనైతే చేస్తాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే మా ఆవిడ ఫోనుతో ఆ కరపత్రాన్ని మూడుసార్లు ప్రయత్నించాను, ఒక్కసారీ చదవలేదు. ఈసారి తెల్ల మూత మీద నల్ల కోడ్, కింద "ఈ పచ్చడి కలిపిన తేదీ చూడండి" అన్న మాట వేయిస్తాము. స్టాల్‌లో చెల్లింపు కోడ్ బల్ల మీద, వెబ్‌సైట్ కోడ్ వెనక బ్యానర్ మీద ఉంటాయి. ప్రెస్ వారికి ఒక సందేహం: తేదీ మారినప్పుడల్లా కోడ్ మార్చాలి కదా, విడతకు 200 మూతల స్టిక్కర్లయితే వేస్తారా?