జపాన్ చక్రవర్తుల సమాధి దిబ్బలను తవ్వనివ్వాలా?

మట్టిపొర:
సకాయ్ నగరంలోని దైసెన్ దిబ్బ పొడవు 486 మీటర్లు, చుట్టూ మూడు కందకాలు. 5వ శతాబ్దపు కట్టడం, 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. లోపల ఎవరున్నారో మాత్రం రూఢిగా తెలియదు. నింతోకు చక్రవర్తి అని రాజకుటుంబ వ్యవహారాలు చూసే జపాన్ రాజగృహ సంస్థ చెబుతుంది, సమాధి తవ్వకానికి ఒప్పుకోదు. పూర్వీకుల ప్రశాంతతకు భంగం కలుగుతుందట. నేనైతే తవ్వనివ్వాలనే అంటాను.

నింపాది:
మీ తాతగారి సమాధిని పరిశోధన పేరుతో తెరుస్తామంటే ఊరుకుంటారా? అక్కడ ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. అది మ్యూజియం గోదాము కాదు.

మట్టిపొర:
అది తాతగారిదేనా అన్నది ముందు తేలాలి కదండీ! 531లో మరణించిన కేతాయ్ చక్రవర్తి సంగతే చూడండి. ఆయనదని చెప్పి సంస్థ కాపలా కాస్తున్న ఇబారకిలోని దిబ్బ 5వ శతాబ్దం నడుమ నాటిది. అసలుది తకత్సుకిలోని ఇమాషిరోజుకా అని పండితుల్లో ఎక్కువమంది మాట. రాజముద్ర పడలేదు కాబట్టి దాన్ని తవ్వగలిగారు. ఇళ్లు, గుర్రాలు, యోధులు, చివరికి సుమో మల్లులు కూడా మట్టిబొమ్మలై బయటపడ్డారు. ఇప్పుడది పార్కు. చక్రవర్తి దిబ్బ మీద పిల్లలు ఆడుకుంటున్నారు, కాపలా మాత్రం ఇంకెవరి సమాధికో!

కంచుఅద్దం:
మట్టిపొర గారూ, తకమత్సుజుకా అనే పాత సమాధి దిబ్బను మరిచారా? 1972లో అక్కడ రంగురంగుల కుడ్యచిత్రాలు దొరికాయి. చలి, తేమ అదుపు చేసే యంత్రాలు పెట్టినా బూజు ఆగలేదు, తెల్లపులి బొమ్మ వెలిసిపోయింది. చివరికి 2007లో రాతి గదినే విడదీసి బయటికి తేవాల్సి వచ్చింది. పదమూడు శతాబ్దాలు నిలిచినదాన్ని మనం కొన్ని దశాబ్దాల్లో పాడుచేశాం. పూజల వాదన నాకు పట్టదు, ఈ భయమే పట్టుకుంది.

మట్టిపొర:
నేను శవపేటిక మూత తీయమనలేదు. 2018లో సంస్థ, సకాయ్ నగరం కలిసి దైసెన్ గట్టు మీద చిన్న గోతులు తవ్వితే రాళ్లు పరిచిన నేల, వరుసగా నిలిపిన మట్టి గొట్టాలు కనిపించాయి. అంతమాత్రానికే కాలనిర్ణయానికి ఆధారాలు దొరుకుతాయి.

కంచుఅద్దం:
గట్టు కాలం చెబుతుంది, సరే. నరా నగరంలోని తోమియో మారుయామా దిబ్బలో బయటపడిన 2.37 మీటర్ల వంకరటింకర ఇనుప కత్తి గట్టు మీద దొరికిందా? సమాధిని తెరిస్తేనే కదా! మీరు గట్టు దగ్గర ఆగుతారేమో, మీ వెనక వచ్చేవాళ్లు ఆగరు.

నింపాది:
నేననేదీ అదే.

మట్టిపొర:
అయితే కేతాయ్ పేరైనా సరైన దిబ్బకు మార్చమనండి. దానికి పార కూడా అక్కరలేదు.