పరుగుకూ నిద్రకూ పనికివచ్చే చవక చేతి బ్యాండు: కొనేముందు ఏం చూడాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడిగినది

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఉంటూ పక్క మండలంలోని ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. నా వయసు 43. నిరుడు రక్తపోటు ఎక్కువగా ఉందని తేలినప్పటి నుంచి రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటున్నాను. వైద్యులు నడవమన్నారు, ఆ నడక నాలుగు నెలల్లో నెమ్మదిగా పరుగుగా మారింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున అయిదు గంటలకు ఏడు రోడ్ల కూడలి దగ్గర మొదలుపెట్టి, అరసవల్లి దాకా వెళ్లి తిరిగి వస్తున్నాను. రానూపోనూ సుమారు నాలుగు కిలోమీటర్లు. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పడుతోంది.

పరుగు బాగానే సాగుతోంది కానీ నిద్ర సరిగా లేదు. పదిన్నరకు పడుకుంటే నాలుగున్నరకు లేస్తున్నాను, మధ్యలో రెండు మూడు గంటల ప్రాంతంలో మెలకువ వస్తోంది, మధ్యాహ్నం అయిదో పీరియడులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఎంతసేపు నిజంగా నిద్రపోతున్నానో తెలుసుకోవాలని ఆరు నెలల క్రితం ఒక దుకాణంలో 1,200 రూపాయలకు పేరు తెలియని కంపెనీ బ్యాండు కొన్నాను. స్కూటరు మీద బడికి వెళ్లి వచ్చేసరికి అది వందల అడుగులు లెక్కవేసేది. నాలుగు కిలోమీటర్ల దారిని 3.5 అని చూపేది. ఒకరోజు దాన్ని మడత పెట్టిన తువ్వాలుకు చుట్టి చూస్తే నిమిషానికి 78 అని గుండె వేగం చూపింది. అప్పటి నుంచి దాన్ని పెట్టుకోవడం మానేశాను.

ఈసారి మూడు వేల నుంచి అయిదు వేల రూపాయల వరకు పెట్టగలను. రెండు విషయాలు తేల్చుకోలేకపోతున్నాను. బ్యాండులోనే జీపీఎస్ ఉండి తీరాలా, లేక జేబులో ఫోను ఉంటే చాలునా? గాఢ నిద్ర ఇంత, తేలిక నిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని చూపించే లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు? వాడుతున్నవారు చెప్పగలరు.

మైదానం మాస్టారు (విజయనగరం) జవాబు

మాస్టారూ, నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ముందుగా ఆ తువ్వాలు పరీక్ష గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మి మంచి బ్యాండును కూడా పక్కన పెట్టేవారిని చూశాను. బ్యాండు అడుగున ఉండే ఆకుపచ్చ దీపం చర్మం మీద వెలుగు వేస్తుంది. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది కనుక, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం ఎక్కువగా వచ్చినప్పుడు తిరిగి వచ్చే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులలోని లయను వెతికి పట్టుకోవడమే దాని పని. గుడ్డ మీద వేసినప్పుడు కూడా అది లయ కోసమే వెతుకుతుంది, ఏదో ఒక అంకె దొరకబుచ్చుకుంటుంది. పేరున్న కంపెనీల బ్యాండ్లూ అలా చూపిన సందర్భాలు ఉన్నాయి. అసలు పరీక్ష వేరే ఉంది. కదలకుండా అయిదు నిమిషాలు కూర్చుని, మెడ దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసి, బ్యాండు చూపే అంకెతో పోల్చండి. నాలుగైదు తేడా ఉంటే బాధ లేదు. స్కూటరు మీద అడుగులు పెరగడం మాత్రం పాత బ్యాండులోని లోపమే.

ఇక దూరం. జీపీఎస్ లేని బ్యాండు మీ చేతి ఊపును బట్టి అడుగులు లెక్కించి, మీ ఎత్తును బట్టి అడుగు పొడవును ఊహించి, రెండింటినీ గుణిస్తుంది. లెక్కల మాస్టారు కనుక మీకు వెంటనే అర్థమవుతుంది: కిలోమీటరుకు మీరు 1,180 అడుగులు వేస్తున్నారనుకుందాం, అడుగు 75 సెంటీమీటర్లని అది అనుకుంటే 885 మీటర్లే చూపుతుంది. మీ పాత బ్యాండు నాలుగు కిలోమీటర్లను మూడున్నర చేసింది సరిగ్గా ఇలాగే. అంటే అది అడుగులను బాగానే లెక్కపెట్టి ఉండవచ్చు, అడుగు పొడవునే తప్పుగా ఊహించి ఉండవచ్చు. మీ అడుగు పొడవును యాప్‌లో మీరే నమోదు చేసుకునే వీలుంటే ఈ తప్పు చాలావరకు పోతుంది. కొలిచిన దూరం కావాలంటే 400 మీటర్ల చుట్టు గీసిన మైదానంలో లోపలి గీత వెంబడే నాలుగు చుట్లు తిరగండి, 1,600 మీటర్లు అవుతుంది. రెండో వరుసలోకి జరిగితే చుట్టుకు ఏడు మీటర్లు పైగా పెరుగుతుందని గుర్తుంచుకోండి. మైదానం అందుబాటులో లేకపోతే ఆమదాలవలస రోడ్డు మీది కిలోమీటరు రాళ్ల మధ్య కొలుచుకోవచ్చు. జాతీయ రహదారి మీదికి మాత్రం చీకట్లో వెళ్లవద్దు.

ఫోను వెంట తీసుకెళ్లే అలవాటు ఉంటే బ్యాండులో జీపీఎస్ అవసరం లేదు. పరుగు మొదలుపెట్టగానే అది ఫోనులోని జీపీఎస్‌ను వాడుకుంటుంది, దారి పటం కూడా ఫోనులో వస్తుంది. అయితే పెట్టె మీద ‘జీపీఎస్’ అన్న మాట పెద్దగా వేసి, చిన్న అక్షరాలలో ‘ఫోను ద్వారా’ అని రాసే పద్ధతి ఉంది. ఆ చిన్న అక్షరాలు చదివాకే డబ్బు చెల్లించండి. నా సలహా ఏమిటంటే, జీపీఎస్ కోసం బడ్జెట్టు దాటకండి, ఆ డబ్బుతో మంచి బూట్లు కొనండి.

పరుగులో గుండె వేగం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. బ్యాండు వదులుగా ఉంటే అది గుండె లయకు బదులు అడుగుల లయను పట్టుకుంటుంది. మీ వేగానికి నిమిషానికి 157 అడుగుల దాకా పడతాయి. హాయిగా మాట్లాడుతూ పరుగెడుతున్నప్పుడు కూడా 155, 158 అని నిలకడగా చూపుతోందంటే అది మీ గుండె కాదు, మీ కాళ్లు. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, కిందికి జారకుండా బిగించి, నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకుని పరుగెత్తితే ఈ తప్పు తగ్గుతుంది. అంతకంటే కచ్చితత్వం కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ తప్ప మార్గం లేదు. అది వెలుగును కాక గుండె విద్యుత్ సంకేతాన్నే అందుకుంటుంది.

రాత్రి డ్యూటీ (శ్రీకాకుళం) జవాబు

మాస్టారు గారూ, నేను స్టాఫ్ నర్సును. నిద్ర గురించి, మీ మాత్ర గురించి మాత్రమే చెబుతాను.

నిద్ర దశలను నిర్ధారించే పరీక్షలో తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలను, కళ్ల కదలికలను, గడ్డం కింది కండరాల బిగువును నమోదు చేస్తారు. మణికట్టుకు ఉన్న బ్యాండుకు వీటిలో ఏదీ అందదు. చేయి కదలడం లేదు, గుండె నెమ్మదించింది అన్న రెండు ఆనవాళ్ల నుంచే అది దశలను ఊహిస్తుంది. కనుక ‘గాఢ నిద్ర 52 నిమిషాలు’ అని కనిపిస్తే దిగులు పడవద్దు, ‘గంటన్నర’ అని కనిపిస్తే సంబరపడవద్దు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మొత్తం ఎన్ని గంటలు అన్నవి మాత్రం చాలావరకు సరిగానే చెబుతుంది. అందులోనూ ఒక లోపం ఉంది: రెండు గంటలకు మెలకువ వచ్చి మీరు కదలకుండా పైకప్పు చూస్తూ పడుకుంటే, దాన్ని కూడా నిద్రగానే లెక్కవేస్తుంది. అందువల్ల మీ బాధ కంటే బ్యాండు అంకె ఎప్పుడూ కొంత మెరుగ్గా కనిపిస్తుంది. రెండు వారాల సగటు చూడండి. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మీరు పడకమీద ఉండేదే ఆరు గంటలు. ఏ బ్యాండూ కొనకముందే తేలే లెక్క ఇది.

బ్యాండు నుంచి నిజంగా పనికివచ్చే అంకె మరొకటి ఉంది. విశ్రాంతిలో, అంటే తెల్లవారుజామున నిద్రలో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది అన్నది. పరుగు అలవాటయ్యే కొద్దీ అది నెలల మీద మెల్లగా తగ్గుతుంది. రాత్రి పొద్దుపోయాక తిన్నా, జ్వరం రాబోతున్నా, ముందురోజు శ్రమ ఎక్కువైనా పెరుగుతుంది. ఉన్నట్టుండి ఎనిమిది పది ఎక్కువ చూపిన ఉదయం నేను వ్యాయామం మాని విశ్రాంతి తీసుకుంటాను.

ఇప్పుడు మాత్ర. బ్యాండ్లు సాధారణంగా 220 నుంచి వయసు తీసివేసి గరిష్ఠ గుండె వేగం ఇంత అంటాయి. మీకు 177 అవుతుంది. 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసివేయాలని మరో సూత్రం ఉంది, దానితో చూసినా 178. రెండూ సగటులే. అంతకంటే ముఖ్యమైన విషయం, ఎటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్నే తగ్గిస్తాయి. మీరు వేసుకునేది ఆ జాతిది అయితే ఈ సూత్రాలేవీ మీకు వర్తించవు. బ్యాండు ‘ఇంకా వేగం పెంచండి’ అని పురిగొల్పితే వినవద్దు. పరుగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా అన్నదే మీకు సరైన కొలత. ఏ మాత్ర అయినా, దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు, మార్చవద్దు.

చివరిగా ఒక ప్రశ్న. మీరు గురక పెడతారా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లో వారు ఎప్పుడైనా గమనించారా? రక్తపోటు, మధ్యరాత్రి మెలకువ, పగటి మత్తు మూడూ ఒకచోట ఉన్నాయి కనుక అడుగుతున్నాను.

సోంపేట పరుగు (శ్రీకాకుళం జిల్లా) జవాబు

మాస్టారూ, నేను సైన్యంలో చేరడానికి సాధన చేస్తున్న విద్యార్థిని. మాకు 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు వస్తాయి; అంటే చుట్టుకు 82 సెకన్ల చిల్లర. మా జట్టులో బ్యాండు ఉన్నవాళ్లూ చివరికి స్టాప్‌వాచీనే చూస్తారు, ఎందుకంటే చెమట పట్టిన వేలితో తెరను తాకితే చాలాసార్లు పలకదు. కనుక మీరు చూసే వాటిలో పక్కన నొక్కే బటను ఉన్నది దొరికితే దానికే మొగ్గు చూపండి.

కొనే విషయంలో నేను తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. 2015లో మన దేశంలో షావోమీ కంపెనీ మొదటి మి బ్యాండు 999 రూపాయలకు వచ్చినప్పుడు దానికి తెర లేదు, గుండె వేగం చూపే సెన్సారూ లేదు. 2021లో వచ్చిన మి స్మార్ట్ బ్యాండ్ 6 విడుదల ధర 3,499 రూపాయలు. 2024లో శాంసంగ్ గెలాక్సీ ఫిట్ 3 విడుదల ధర 4,999 రూపాయలు. ఈ రెండింటిలోనూ సొంత జీపీఎస్ లేదు. అమేజ్‌ఫిట్ బిప్ యూ ప్రోలో సొంత జీపీఎస్ ఉంది, అది 2021లో 4,999 రూపాయలకు వచ్చింది. మోడళ్లు ఏటా మారుతుంటాయి కనుక పేరు కంటే లక్షణాల పట్టికనే చూడాలి. ఇక్కడ అధికారికంగా విడుదల కాని కొత్త మోడళ్లను కొందరు బయటి నుంచి తెప్పించి అమ్ముతుంటారు. వాటి ధర ఆకర్షణీయంగా ఉన్నా, పాడైతే ఇక్కడి సర్వీసు కేంద్రం తీసుకోదు. మా అన్నయ్యకు అలా ఒకటి మూడు నెలల్లో ఆగిపోయింది, అమ్మినవారు ఫోను ఎత్తడం మానేశారు.

ఇంకొకటి, మీకు తెలుగులో సందేశాలు ఎక్కువగా వస్తాయనుకుంటాను. కొన్ని బ్యాండ్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ గళ్లు కనిపిస్తాయి. దుకాణంలోనే మీ ఫోనుకు జతచేసి ఒక తెలుగు సందేశం పంపించుకుని చూడండి. తెర ఎప్పుడూ వెలిగేలా పెట్టుకుంటే ఛార్జింగు సగానికి సగం త్వరగా అయిపోతుంది. నిద్ర లెక్క కావాలనుకునేవారు దాన్ని ఆపివేయడమే మంచిది.

మన తీరంలో చెమట ఎక్కువ. నీటిని తట్టుకునే స్థాయి ‘5 ఏటీఎం’ అని ఉంటే నీటికి భయపడనక్కరలేదు కానీ, తడిసిన పట్టీని రాత్రంతా అలాగే ఉంచుకుంటే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. పరుగు కాగానే పట్టీని మంచినీళ్లతో కడిగి, తుడిచి, రాత్రికి ఒక రంధ్రం వదులు చేసి పెట్టుకోండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం) తిరిగి రాసినది

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పాత బ్యాండును బయటికి తీసి నాడితో పోల్చి చూశాను. బ్యాండు 74, నాడి 72. తువ్వాలు చూసి నేను చేసిన తీర్పు సరికాదని ఒప్పుకుంటున్నాను. ఈ ఉదయం కిలోమీటరు రాళ్ల మధ్య అడుగులు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాను: 1,164 వచ్చాయి, అంటే అడుగు 86 సెంటీమీటర్లు. ఆ అంకెను నమోదు చేసే వీలు పాత బ్యాండు యాప్‌లో లేదు. అందువల్ల కొత్తది కొంటాను, కానీ సొంత జీపీఎస్ లేనిదే కొంటాను.

సిస్టర్ గారు అడిగిన ప్రశ్నను ఇంట్లో అడిగాను. గురక ఉందని, నెలకు చాలాసార్లు మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుందని, భయపడి తట్టి లేపుతుంటానని మా ఆవిడ చెప్పింది. ఇన్నాళ్లూ నాతో ఎందుకు అనలేదంటే, పగలు అలసిపోయి ఉంటానని ఊరుకున్నానంది. రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలిచే బ్యాండు తీసుకుంటే ఇది తేలుతుందా?

రాత్రి డ్యూటీ (శ్రీకాకుళం) జవాబు

తేలదు మాస్టారు గారూ. మణికట్టు దగ్గర ఆక్సిజన్ కొలత చేయి కదిలినా, పట్టీ వదులైనా తప్పుతుంది. అది బాగానే చూపినా ఊపిరి ఆగడం లేదని దానర్థం కాదు. మీ భార్య గారు చూసినదే ఇప్పుడు మీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి ఆధారం. బ్యాండు కొనడం ఒక వారం ఆపండి. ఊపిరితిత్తుల వైద్యుల దగ్గరకో, చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరకో వెళ్లి, ఆమెను కూడా వెంట తీసుకెళ్లి, మీకు చెప్పినట్టే వారికీ చెప్పమనండి. నిద్ర పరీక్ష అవసరమా అన్నది వారు నిర్ణయిస్తారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బే అయితే రక్తపోటు అదుపులోకి రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు, దానికి చికిత్స ఉంది. అప్పటిదాకా వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి, మగతగా ఉన్నప్పుడు స్కూటరు నడపవద్దు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

శనివారానికి వైద్యుల అపాయింట్‌మెంటు తీసుకున్నాను, ఇద్దరం వెళ్తున్నాం. మాత్ర చీటీ కూడా పట్టుకెళ్తాను. వారు ఏం చెప్పారో వచ్చాక ఇక్కడే రాస్తాను.