సౌత్ జార్జియా కలిపి వెళ్లాలా, అంటార్కిటికా ఒక్కటి చాలా?

కొల్లేటికొంగ:
నవంబర్‌లో అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి అంటార్కిటికా ఓడెక్కాలని ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా ద్వీపం కూడా కలిపితే రోజులూ డబ్బూ బాగా పెరుగుతున్నాయి. పెంగ్విన్లు ఎక్కడైనా పెంగ్విన్లే కదా? పైగా అమ్మకి బస్సెక్కితేనే వాంతులు, అదో టెన్షన్.

మంచుపిచ్చి:
జంతువుల కోసమే అయితే కలపండి. సౌత్ జార్జియాలోని సెయింట్ ఆండ్రూస్ బే అనే తీరంలో కింగ్ పెంగ్విన్లు లక్షకు పైగా జంటలుంటాయి, గోధుమరంగు నూగుతో బొద్దుగా ఉండే పిల్లలు మన బూట్ల దాకా వచ్చేస్తాయి, మనం మాత్రం 5 మీటర్ల దూరం పాటించాలి. 2023లో అక్కడ బర్డ్ ఫ్లూ వచ్చింది కాబట్టి ఏయే చోట్ల దించుతున్నారో ముందే అడగండి.

లంగరు:
ఓడ సైజు చూశారా? అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు ఎవర్నీ ఒడ్డుకి దించకూడదు, చిన్న ఓడలైనా ఒకేసారి 100 మందినే దించాలి. బయటి విత్తనాలు, క్రిములు అక్కడికి చేరకూడదని దిగేముందు బూట్లు కడిగిస్తారు, జాకెట్ వెల్‌క్రోలో ఇరుక్కున్న గడ్డిగింజ కూడా పట్టకారుతో పీకాల్సిందే.

మంచుపిచ్చి:
అమ్మగారి సంగతి మర్చిపోయా. దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య అలలెక్కువుండే సముద్రం, డ్రేక్ పాసేజ్, దాటడానికే దాదాపు రెండు రోజులు. అది తప్పించుకోవాలంటే చిలీలోని పుంటా అరెనాస్ నుంచి అంటార్కిటికా పక్కనున్న కింగ్ జార్జ్ ద్వీపానికి విమానంలో వెళ్లి అక్కడ ఓడెక్కే ట్రిప్పులున్నాయి. సౌత్ జార్జియాకి ఆ వీలు లేదండీ, రన్‌వేనే లేదు.

కొల్లేటికొంగ:
అయితే అమ్మనే అడుగుతా. నాన్న ఎలాగూ రానన్నారు.